అల్లిన చేతికి లెక్క ఏది?

2024లో నరసాపురం లేసు అల్లికలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల చేతిపని ఇది అని కేంద్ర ప్రభుత్వ రిజిస్టరులో నమోదైంది. పత్రికలు సంతోషంగా రాశాయి. నాయకులు అభినందనలు చెప్పారు. సంతోషించవలసిందే, కాదనం. కానీ పేరు వచ్చింది అల్లికకు. అల్లినావిడకు ఏమి వచ్చింది? ఆ ప్రశ్న వేసినవాళ్లు తక్కువ.

కాట్రేనికోన వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్న మరింత పదునుగా కనిపిస్తుంది. ఒక పక్క పల్లం, బలుసుతిప్ప వంటి బెస్త గ్రామాలు, మరొక పక్క కొబ్బరి తోటలు. సముద్రం పిలిస్తే వేట ఉంటుంది, లేకపోతే లేదు. కొబ్బరికి ధర ఉంటే ఉంటుంది, లేకపోతే కాయ చెట్టు కిందే మొలకెత్తుతుంది. ఇటువంటి చోట స్త్రీలు చేతులతో చేసే ప్రతి పనికీ విలువ ఉంది. గుడ్డ మీద పూలు కుట్టేవారున్నారు. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టేవారున్నారు. (బొంతను కళ అని మనం ఎన్నడూ అనలేదు. అదే బొంతను పట్నం కొట్లో అద్దం వెనక వేలాడదీస్తే కళ అవుతుంది.) గోదావరి పాయలకు ఇటూ అటూ లేసు అల్లే ఇళ్లున్నాయి. ఈ పనులన్నిటినీ ఇంట్లోవాళ్లు పిలిచే పేరు ఒక్కటే: తీరిక పని.

ఆ మాట దగ్గరే ఆగి మాట్లాడుకోవాలి. కూలిని తినేస్తున్నది ఆ మాటే.

లేసు మనకు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. సన్నని నూలుదారం, కొన వంగిన ఒక సూది ఉంటే చాలు. మగ్గం అక్కరలేదు, షెడ్డు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. గడప దాటకుండా చెయ్యవచ్చు. గడప దాటనివ్వని కుటుంబాలకు ఈ గుణం బాగా నచ్చింది. దారం ఇచ్చి సరుకు పట్టుకుపోయే వ్యాపారికి అంతకన్నా బాగా నచ్చింది. షెడ్డు అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, హాజరు పట్టీ లేదు. పనిచేసేవాళ్లు ఒకరినొకరు చూసుకునే అవకాశం కూడా లేదు.

1978-79 ప్రాంతంలో జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం వచ్చి, ఈ ఇళ్లలో కూర్చుని, ఈ స్త్రీల రోజును గంట గంటగా లెక్క వేశారు. 1982లో వచ్చిన ఆమె పుస్తకం, 'నరసాపురం లేసు కార్మికులు', ప్రపంచమంతటా స్త్రీల శ్రమ గురించి మాట్లాడేవారికి పాఠ్యగ్రంథమయింది. మన ఊరి పేరు మీద ఉన్న పుస్తకాన్ని మన ఊళ్లలో చదివినవారు ఎందరో మరి! ఆమె తేల్చిన సగటు సంపాదన రోజుకు 56 పైసలు. వంట, పిల్లలు, పశువులు అన్నీ చూసుకుంటూ రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టుకున్నవారి సంపాదన అది. పొలంలో కూలికి వెళ్లే దళిత స్త్రీలకు అంతకన్నా ఎక్కువ వచ్చేది. కారణం కష్టంలో తేడా కాదు. పొలం కూలీలు పదిమంది ఒక్కచోట ఉంటారు, కూలి గురించి మాట్లాడుకుంటారు, అవసరమైతే గట్టు మీద కూర్చుంటారు. లేసు అల్లే స్త్రీ పరువు పేరు మీద నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉంటుంది. ఆమెను అందరూ గృహిణి అన్నారు. చివరికి ఆమే తనను గృహిణి అనుకుంది. గృహిణికి కూలి ఏమిటి? ఏదో ఖాళీగా ఉండకుండా నాలుగు రూపాయలు!

ఆ నాలుగు రూపాయలతో ఏమయ్యేదో కోనసీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కొబ్బరి చెట్లను నేలమట్టం చేసింది, వేటకు వెళ్లినవారిని ఎందరినో తిరిగి రానివ్వలేదు. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అటువంటి ఏళ్లలో బియ్యం డబ్బాలోకి వచ్చే చిన్న చిన్న మొత్తాలు ఎక్కడి నుంచి వస్తాయి? చిల్లర ఖర్చుల డబ్బని మనం తేలిగ్గా అనే ఆ సంపాదన, చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించే సంపాదన.

లేసులో ఇంకొక కిటుకు ఉంది. పనిని ముక్కలుగా పంచుతారు. ఒకావిడ పువ్వులు అల్లుతుంది. వేరొకావిడది అతుకుపని, ఆ పువ్వులన్నిటినీ కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేస్తుంది. ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం మరొకచోట. తాను అల్లిన పువ్వు ఏ గుడ్డలో చేరిందో, ఆ గుడ్డ ఏ దేశానికి వెళ్లిందో, ఎంతకు అమ్ముడుపోయిందో మొదటావిడకు తెలియదు. మొత్తం వస్తువును ఎన్నడూ చూడని మనిషి దానికి ధర ఎలా అడుగుతుంది? దళారి చెప్పిందే ధర, దళారి చూపించిందే మచ్చ. తెల్లదారం మీద చెమట మరక పడిందని కోత, వానాకాలంలో కాస్త చెమ్మ వాసన వచ్చిందని కోత.

మేళాల గురించి, ఎగ్జిబిషన్ల గురించి మనం పట్టించుకోవలసింది ఇందుకే. అల్లిన మనిషి, మొత్తం వస్తువు, కొనే మనిషి, ధర — ఈ నాలుగూ ఒక్కచోట కలిసేది అక్కడే. 1987 నుంచి సూరజ్‌కుండ్ మేళా జరుగుతోంది. 1994లో ఢిల్లీ హాట్ వచ్చింది. హైదరాబాదులో శిల్పారామం ఉంది. డ్వాక్రా సంఘాల బజార్లు, సరస్ ప్రదర్శనలు మన జిల్లాలవారికి కొత్త కావు. లక్నోలో 1984లో మొదలైన 'సేవా' సంస్థ చికన్ కుట్టుపని చేసే స్త్రీలతో ఈ దారినే నడిచింది. పరదా చాటు నుంచి వచ్చిన ఆ స్త్రీలు దూరపు నగరాలకు ప్రయాణమై, తమ సరుకు తామే పరచుకుని కూర్చున్నారు. ఇళ్లలో గొడవలు లేకుండా అయిన పని కాదు అది. కానీ తాము కొన్ని రూపాయలకు కుట్టి ఇచ్చిన కుర్తా బజారులో ఏ ధర పలుకుతుందో కళ్లారా చూసిన స్త్రీకి మళ్లీ పాత కూలి ఒప్పించడం దళారికి కష్టమవుతుంది. మేళాలో వచ్చే లాభంకన్నా ఈ చూపు ఎక్కువ రోజులు ఉంటుంది.

అయితే మేళాను పండుగలా చూపించి పంపడం కూడా మోసమే. కాట్రేనికోన నుంచి బయల్దేరండి. కోనసీమ లోపలికి ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి - నరసాపురం లైను మాట పాతికేళ్లుగా వింటూనే ఉన్నాం. యానాం - ఎదుర్లంక వంతెన వచ్చాక కాకినాడ దగ్గరయింది, అంతకుముందు రేవు దాటే పడవ కోసం కాచుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తే. అయినా గుడ్డల మూటలతో బస్సెక్కి, కాకినాడో రాజమండ్రో చేరి, అక్కడి నుంచి రెండు రాత్రులు రైల్లో ఢిల్లీ వెళ్లాలి. మూట నలగకూడదు, తడవకూడదు. పదిహేను రోజులు అక్కడ ఉండాలి. ఆ పదిహేను రోజులు ఇంట్లో అన్నం ఎవరు వండుతారు? చంటిపిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? ఇది విధానపత్రాల్లో కనిపించే ప్రశ్న కాదు, కానీ ఎక్కువమంది ప్రయాణాలు ఆగిపోయేది ఇక్కడే. స్త్రీల బదులు భర్తలో, మరుదులో స్టాలు దగ్గర కూర్చోవడం మొదలయ్యేదీ ఇక్కడే.

వెళ్లాక ఎక్కడ పడుకుంటారు? చాలాచోట్ల సమాధానం స్టాల్లోనే, సరుకు మధ్యనే. మరుగుదొడ్డి ఎంత దూరం, రాత్రి దారిలో దీపం ఉందా, నీళ్లు ఎక్కడ అన్నవి సౌకర్యాల జాబితాలో చివరి పంక్తులుగా రాయవలసినవి కావు. స్టాలు పెట్టుకున్న పదిహేను రోజులూ అది స్త్రీలు పనిచేసే చోటు. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిషేధించే 2013 చట్టం అసంఘటిత రంగానికి కూడా వర్తిస్తుంది. యజమాని అంటూ లేనివారు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. మేళా నిర్వహించేవారు ఆ కమిటీ వివరాలు గేటు దగ్గర తెలుగులోనో హిందీలోనో రాసి పెట్టడానికి ఒక బోర్డు ఖర్చు తప్ప ఏమీ కాదు. మన సంఘాలు మేళాకు పేర్లు పంపేటప్పుడే ఈ బోర్డు అడగాలి.

ఇక ధర. కొనడానికి వచ్చినవారు ముందు అనే మాట, "ఇంతా?" ఆ మాటకు సిగ్గుపడి సగానికి ఇచ్చి వచ్చిన స్త్రీలు ఎందరో. జవాబు లెక్కలో ఉంది, ఇలా వేసి చూడండి. 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలుగా కేంద్రం ప్రకటించింది. మట్టి తవ్వే పనికి ప్రభుత్వమే ఒప్పుకున్న రేటు అది. ఒక మధ్యరకం బల్లగుడ్డకు అల్లడం, అతకడం అంతా కలిపి నలభై గంటలు పట్టిందనుకుందాం. ఎనిమిది గంటలు ఒక రోజు అనుకుంటే అయిదు రోజులు. కూలి ఒక్కటే 1,535 రూపాయలు. నూలు, గంజి, ఇస్త్రీ, బస్సు, రైలు, స్టాలు దగ్గర గడిపిన రోజులు ఇందులో లేవు. నేర్పుకు విడిగా ఏమీ కట్టలేదు. ఈ లెక్క తెలిసినావిడ 900కు బేరం ఒప్పుకున్నా, తన జేబులోంచి ఎంత ఇచ్చుకుంటున్నదో తెలిసి ఒప్పుకుంటుంది. తెలియనావిడ లాభం వచ్చిందనుకుని ఇంటికి వస్తుంది.

పక్క స్టాల్లో మిషను లేసు ఉంటుంది. చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది, ధరలో నాలుగో వంతు ఉంటుంది. దానితో ధరలో పోటీ పడటం మన వల్ల అయ్యే పని కాదు, పడకూడదు కూడా. దానికి బదులు ప్రతి గుడ్డకూ ఒక చీటీ కట్టండి. ఎన్ని గంటలు పట్టిందో, ఏ ఊళ్లో అల్లారో దాని మీద రాయండి. అల్లినావిడ ఇష్టపడితే పేరు కూడా. స్టాలు దగ్గర సూది, దారం పట్టుకుని కూర్చుని అల్లుతూ ఉండండి. మిషను లేసు అమ్మేవాడు చెయ్యలేని పని అదొక్కటే.

దూరపు మేళాలే మేళాలని కూడా అనుకోనక్కరలేదు. మన దగ్గర జనం చేరే చోట్లు తక్కువా? మురమళ్లలో స్వామివారి కల్యాణం చేయించడానికి ఏడాది పొడుగునా బయటి ఊళ్ల నుంచి దంపతులు వస్తారు. అంతర్వేది తీర్థానికి ఎంత జనమో అందరికీ తెలుసు. దిండిలో పడవల్లో బస చేసేవారు కొబ్బరి చెట్ల ఫోటోలు తీసుకుని ఖాళీ చేతులతో వెళ్లిపోతారు. ఈ చోట్ల ఒక బల్ల వేసుకునే హక్కు, పంచాయతీకో దేవస్థానానికో పర్యాటక శాఖకో దరఖాస్తు పెట్టి అడగవలసిన హక్కు. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. చంటిపిల్లల తల్లులకు ఢిల్లీకన్నా మురమళ్ల పనికొస్తుంది. కాగా తీర్థంలో కొనేవారు పెద్ద దుప్పటి కొనరు. చిన్న సంచులు, పిల్లల గౌన్లకు కాలర్లు, దేవుడి పీట మీద వేసే గుడ్డలు కొంటారు. ఏం అల్లాలో అల్లేవారే తేల్చుకోవలసిన విషయం కదా. ఇన్నేళ్లూ ఎగుమతిదారు ఇచ్చిన నమూనాయే అల్లిన చేతులకు ఈ స్వేచ్ఛ కూడా చిన్నదేమీ కాదు.

చట్టం ఏమంటుంది? 1948 నాటి కనీస వేతనాల చట్టం, ముడిసరుకు తీసుకుపోయి ఇంటి దగ్గర పనిచేసి ఇచ్చేవారిని కూడా ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. అంటే మరియా మీస్ 56 పైసలు లెక్క వేసిన నాటికే ఆ నిర్వచనం పుస్తకంలో ఉంది. ఉండి ఏం లాభం? దారం ఇచ్చినట్టు కాగితం లేదు, సరుకు తీసుకున్నట్టు కాగితం లేదు. యజమాని ఎవరని అడిగితే ఏజెంటు ఎగుమతిదారును చూపిస్తాడు, ఎగుమతిదారు ఏజెంటును చూపిస్తాడు. ఆ చట్టం ఇప్పుడు లేదు, 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిలో 2020 నాటి సామాజిక భద్రత కోడ్ గృహాధారిత కార్మికులంటే ఎవరో స్పష్టంగా చెప్పింది: యజమాని కోసం తన ఇంట్లోనో తనకు నచ్చిన చోటో వస్తువులు తయారుచేసి ప్రతిఫలం పొందేవారు. ముడిసరుకు ఎవరిదైనా సరే. మంచి నిర్వచనం. భద్రత మాట సరే, కూలి రేటు మాట ఏమిటన్నది మనం పట్టుబట్టి అడగాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఇంటి దగ్గర చేసే పని మీద 177వ ఒడంబడిక చేసింది. ఇంటి దగ్గర పనిచేసేవారిని మిగతా కార్మికులతో సమానంగా చూడాలన్నది దాని సారం. అది రావడానికి మన దేశపు స్త్రీల సంఘాలు, ముఖ్యంగా అహ్మదాబాదు 'సేవా', ఎంతో కష్టపడ్డాయి. మన దేశం మాత్రం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

ఈ పరిస్థితిలో మన చేతిలో ఉన్న ఆయుధం చీటీ. దారం తీసుకున్న రోజు, బరువు, నమూనా, ఒప్పుకున్న రేటు, సరుకు ఇచ్చిన రోజు. ఒక నోటు పుస్తకం, రెండు సంతకాలు. ఏజెంటు సంతకం పెట్టనంటే పెట్టనన్నాడని తేదీ వేసి రాసుకోండి. ఒక్కావిడ అడిగితే ఆమెకు దారం ఆగిపోతుంది. వీధి మొత్తం అడిగితే ఆగదు. దారం ఆగితే ఏజెంటుకూ రోజు గడవదు.

చేతివృత్తులవారికి కేంద్ర జౌళి శాఖ ఇచ్చే పెహచాన్ కార్డు గురించి కూడా ఒక మాట. మేళాల్లో స్టాలుకు, కొన్నిచోట్ల ప్రయాణ ఖర్చులకు ఈ కార్డే ఆధారం. కాబట్టి కార్డు అల్లినావిడ పేరు మీద ఉండాలి, ఆవిడ దగ్గరే ఉండాలి. కార్డులన్నీ ఒక సంచిలో పోగుచేసి, వాటి మీద స్టాలు తీసుకుని, వేరెవరో కూర్చునే పద్ధతిని ఏ సంఘమూ ఒప్పుకోకూడదు. అందులో మన సంఘం కూడా చేరుతుంది. భౌగోళిక గుర్తింపుదీ అదే కథ. 1999 నాటి ఆ చట్టం ప్రకారం పేరు నమోదు అయితే చాలదు, ఆ పేరు వాడుకునే హక్కు ఉన్న ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఆ జాబితాలో ఎగుమతిదారుల పేర్లు ఎన్ని, సూది పట్టినవారి పేర్లు ఎన్ని? జాబితా బహిరంగ పత్రమే. తెప్పించి చదువుకుందాం. లేని పేర్లకు దరఖాస్తులు నింపే పనిని ఈ మూడు నెలల్లో ప్రతి గ్రామ సంఘం తన పనిగా పెట్టుకోవాలని కోరుతున్నాం.

ఇప్పుడు మేళాల్లో నోట్లు తక్కువ కనిపిస్తున్నాయి. స్టాలు ముందు చిన్న అట్ట మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది, కొన్నవారు ఫోను చూపించి డబ్బు కట్టి వెళ్లిపోతారు. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతున్నది? అల్లింది ఆవిడ, బేరమాడింది ఆవిడ, ఫోను మాత్రం కొడుకుది, ఖాతా భర్తది. ఊరు తిరిగి వచ్చాక ఎంత వచ్చిందో ఆవిడ వాళ్లను అడిగి తెలుసుకోవాలి. మేళాకు పేరు ఇచ్చే ముందే బ్యాంకుకు వెళ్లి, సొంత ఖాతాకు సొంత కోడ్ చేయించుకోండి. ఆధార్, పాస్‌బుక్కు, ఫోను పట్టుకెళ్లండి. ఫోను లేనివారు సంఘంలో మరొకరితో కలిసి వెళ్లి, బ్యాంకులో ఏ దారి ఉందో అడగండి. బ్యాంకువారు మీ వారిని తీసుకురమ్మంటే, అక్కరలేదని చెప్పండి. ఖాతా మీది.